వంతెన మీద వెనక్కి నడిచిన లారీ

డ్రైవింగ్ స్కూలు నడుపుతూ, దాని పై అంతస్తులోనే కాపురముంటున్న అరవై నాలుగేళ్ళ నేను, ఒంట్లో నలతగా ఉన్నా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి మీద అనుమానమున్నవారు నిన్న నా దగ్గర క్లచ్ నేర్చుకున్న బ్యాంకు గుమాస్తాను అడగవచ్చు. ఆయనకు పడిన చీవాట్లన్నీ సరైన చోటే పడ్డాయి. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది.

1. నా స్వార్జితమైన స్కూలు, కార్లు, ఈ మేడ నా తదనంతరం సగం నా కూతురికీ, సగం మా స్కూల్లో పాఠాలు చెప్పే డ్రైవరుకూ సర్వహక్కులతో చెందాలి. “రక్తసంబంధం లేనివాడికి సగమేంటి వదినా?” అని మా మరిది అడుగుతాడు. రెండో క్లాజు చదువుకోమనండి.

2. మా అబ్బాయి సైన్యంలో కెప్టెన్. పాతికేళ్ళ వయసులో యుద్ధంలో పోయాడు. ఆ రోజు వాళ్ళ దళం నది దాటి వెనక్కి రావాల్సి వచ్చింది. ఉన్నది ఒక్కటే ఇరుకు వంతెన. గాయపడినవాళ్ళు అవతలి గట్టున ఉండిపోయారు. వాళ్ళను తేవడానికి ఉన్న ఒక్క లారీ డ్రైవరుకూ కాలు నుజ్జయింది. ఆ డ్రైవరే ఇప్పుడు మా డ్రైవరు. మా అబ్బాయి అతన్ని పక్కకు జరిపి తానే స్టీరింగు పట్టుకున్నాడు. గాయపడినవాళ్ళను వెనక ఎక్కించి, వంతెన పొడవునా లారీని రివర్సులో ఇవతలికి తెచ్చాడు. వాళ్ళను దించి మళ్ళీ వెళ్ళాడు.

మూడోసారి డ్రైవరును ఇవతలి గట్టునే దించేశాడు. “నేనూ వస్తా సార్” అంటే, “పక్కన కూర్చుని తప్పులు పట్టడానికి ఇంట్లో మా అమ్మ ఉంది, నువ్వు దిగు” అన్నాడట. ఆ మూడోసారి తిరిగొస్తుండగా గుండు లారీ ముందుభాగానికి తగిలింది. అయినా వెనక చక్రాలు గట్టెక్కేదాకా లారీ ఆగలేదు. వెనక ఉన్నవాళ్ళందరూ బతికారు. తలుపు తీసేసరికి వాడిలో ప్రాణం లేదు.

లారీ తిప్పడానికి చోటు లేక వెనక్కి నడిపాడని పతకమిచ్చిన రోజు చదివారు. నేనూ అలాగే నమ్మాను. రెండేళ్ళకు ఈ డ్రైవరు చంకలో కర్రతో మా గేటు దగ్గరకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. “చోటుందమ్మా. తిప్పేద్దాం సార్ అని నేనే చెప్పా. వద్దన్నారు. ముందుభాగం శత్రువుల వైపుంటే వెనకున్నోళ్ళకి అడ్డంగా ఉంటుందన్నారు” అని చెప్పి, అప్పుడు కూర్చున్నాడు.

రివర్సు అంటే హడలిపోయే పిల్లవాడు మావాడు. స్కూలు ప్రహరీ గోడ మీద కారు వెనక్కి తీస్తూ వాడు గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆ గోడకు రంగు వేయించకూడదని ఇందుమూలంగా ఆంక్ష పెడుతున్నాను. వాడు తెలిసే ఆ పని చేశాడన్న మాట ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆ మాట నాకు తెచ్చినవాడికి సగం తక్కువే.

3. పతకం నా కూతురికి. బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. చూస్తామన్న పిల్లలకు చేతికివ్వాలి. కింద పడితే పడుతుంది.

4. మా మరిదికి నా మడత కుర్చీలన్నీ. కూడలిలో విగ్రహం పెట్టించింది ఆయనే. కాదనను. కానీ మావాడికి ఎంత పెంచినా రాని మీసం దానికి పెట్టించాడు, శిలాఫలకం మీద తన పేరు పెద్దక్షరాల్లో చెక్కించుకున్నాడు. ఏటా అక్కడ ఆయన ప్రసంగం వినే జనం ఎండలో నిలబడి సొమ్మసిల్లుతున్నారు. ఇకపైన కూర్చోబెట్టి సొమ్మసిల్లజేయవచ్చు.

5. వాడు పెళ్ళాడదామనుకున్న అమ్మాయి ఇప్పుడు కళ్ళ డాక్టరు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ నన్ను అత్తయ్యా అంటుంది. విచిత్రమేమంటే వాళ్ళాయన కూడా అత్తయ్యా అనే అంటాడు. మావాడి కోసం అల్లుతూ ఒక చెయ్యి దగ్గర ఆపేసిన నీలం స్వెట్టరు ఆమెకు. పూర్తి చేయనక్కరలేదు, దాచుకోనూ అక్కరలేదు. విప్పేసి ఆ ఊలుతో పిల్లలకు టోపీలు అల్లుకోవాలి. ఊలు మంచిది.

6. నా కూతురికి ఇప్పుడు నెలలు నిండాయి. మగపిల్లవాడైతే వాళ్ళ మామయ్య పేరే పెట్టాలని ఇంటిల్లిపాదీ అనుకుని కూర్చున్నారు. నన్నెవరూ అడగలేదు. ఆ పేరు పెట్టవద్దు. వాడు తన పేరును తానే పూర్తిగా వాడుకుని వెళ్ళాడు. పుట్టబోయే బిడ్డ ఎవరికీ బదులుగా రావడం లేదు. కొత్త పేరు వెతకండి. ఆ బిడ్డకు నా ఆస్తిలో వేరే వాటా లేదు. చీకటంటే భయపడడానికి, ఆటల్లో ఓడిపోవడానికి, సైన్యంలో చేరడానికో చేరకపోవడానికో, మా అందరికంటే ఎక్కువ కాలం బతకడానికి మాత్రం సర్వహక్కులూ రాసి ఇస్తున్నాను. వీటిని ఎవరూ ఏ కాలంలోనూ రద్దు చేయడానికి వీల్లేదు.

ఈ నెల మొదటి సోమవారం, ఉదయం పాఠాలు అయ్యాక, చదివి వినిపించగా సరిగ్గా ఉందని చేసిన సంతకం:

స్కూలు యజమానురాలు, ఇద్దరు పిల్లల తల్లి

సాక్షులు:
టైర్ల కొట్టు యజమాని
ఎదురింటి లెక్కల మాష్టారు