నోరు తిరగని మందు పేరు

సూరత్, మంగళవారం రాత్రి

నిన్న మా ఆసుపత్రి సర్వర్‌లో కొత్త యాంటీవైరస్ వేశాను. పొద్దున వెళ్లేసరికి వార్డులో ఒక్క కంప్యూటర్‌లోనూ రోగుల రికార్డులు తెరుచుకోవడం లేదు.

అప్పుడే నవాగామ్ నుంచి మల్లేశం కాక భార్యను ఆటోలో తీసుకొచ్చాడు. తెలంగాణ నుంచి వలస వచ్చి ఇక్కడి పవర్‌లూమ్‌లో, అదే మరమగ్గాల మీద, పని చేస్తాడు. ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. పోయినసారి ఇక్కడే ఏదో ఇంజెక్షన్ పడక ఆమెకు ఊపిరాడలేదట. దాని పేరు అతనికి గుర్తు లేదు, రికార్డులోనే ఉంది. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి నాకోసం చూస్తోంది.

"జర జల్దీ చూడు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

యాంటీవైరస్‌ను మొత్తంగా తీసేద్దామనిపించింది. కానీ అందరి రికార్డులూ ఆ సర్వర్‌లోనే ఉన్నాయి, కాపలా లేకుండా ఎలా వదలను? వెతికితే తెలిసింది, వార్డు నుంచి డేటాబేస్‌కు వచ్చే ప్రతి కనెక్షన్‌నూ అది బయటి దాడి అనుకుని ఆపేస్తోంది. వార్డు కంప్యూటర్లకు, రికార్డులు తెరిచే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు మాత్రం అనుమతిచ్చాను. రికార్డు తెరుచుకుంది. ఆమెకు పడని మందు సెఫ్‌ట్రయాక్సోన్! డాక్టరమ్మ వేరే మందు ఎక్కించింది.

సాయంత్రం వెళ్లి చూస్తే ఆమె ప్రశాంతంగా నిద్రపోతోంది. కాక పక్కనే కూర్చుని ఆ పేరు కూడబలుక్కుంటున్నాడు.

"కంప్యూటర్ బాగైంది కదా కాకా, ఇంకెందుకు?"

"మల్ల బంద్ అయితెనో? నాకన్న యాదుండాలె గద బిడ్డా."

ఇంకెప్పుడూ ఆగదని చెప్పబోయాను. కానీ పొద్దున ఆపింది నేను వేసినదే. అతని పక్కన కూర్చుని, నోరు తిరిగేదాకా ఆ పేరు పలికించాను.