శబ్దం లేని వీడియోలు

మార్చి 4, సురబయ

ఇవాళ ల్యాబుకు తర్ముజి గారు వచ్చారు. డెబ్బై రెండేళ్ల బ్యాడ్మింటన్ కోచ్. వీడియోలో ఆటగాడు రాకెట్ ఎత్తగానే ఆపేస్తాం. షటిల్ ఎటు పడుతుందో చెప్పాలి. ఇరవైలో ఏడే చెప్పగలిగారు. అరవై అయిదు దాటాక ఎదుటివాడి ఆట పసిగట్టే శక్తి పడిపోతుందని ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. సరిగ్గా సరిపోయింది.

ఆయన్ని కోచ్‌గా ఉంచాలా వద్దా అని క్లబ్బువాళ్లు నా రిపోర్టు అడిగారు. అరపేజీ పని.

మార్చి 9

రాసేముందు ఒకసారి చూద్దామని క్లబ్బుకు వెళ్లాను. నలభై ఏళ్ల బ్యాంకు గుమస్తాతో ఆడుతున్నారు. పరుగెత్తరు, నడుస్తారు. అయినా షటిల్ కన్నా ముందే అక్కడుంటారు. 21-17. ఓడినాయన చెమట తుడుచుకుంటూ, ఈ ముసలాయన నా కడుపులో దూరి చూస్తాడు మేడమ్ అన్నాడు.

మార్చి 10

ఏడు. ఏడెందుకు?

మార్చి 12

తర్ముజి గారినే అడిగాను. క్లబ్బు క్యాంటీన్‌లో నాతోపాటు సూప్ కలిపిన అన్నం తింటూ నింపాదిగా చెప్పారు. రెండు కళ్లకూ శుక్లాలట. షటిల్ దగ్గరికొస్తే కనిపిస్తుంది, అవతలి మనిషి మాత్రం మసక. చెవులున్నాయి కదమ్మా, స్మాష్ కొట్టేవాడి కాలు ధన్‌మంటుంది, నెట్ దగ్గర వేసేవాడి బూటు కీచుమంటుంది, మీ టీవీ మూగది, దాన్ని పట్టుకుని ఏం చెప్పమంటారు అన్నారు.

చెంచా కింద పెట్టేశాను. ధ్యాస చెదురుతుందని అన్ని వీడియోలకూ శబ్దం తీసేయించింది నేనే.

మార్చి 15

శబ్దంతో మళ్లీ పెట్టాం. ఇరవైకి పదిహేడు.

ఏప్రిల్ 2

పాత పరీక్షల జాబితాలోని పెద్దవాళ్లను పదకొండుమందిని పిలిచాను. అందరికీ చూపు బాగానే ఉంది. అయినా శబ్దం పెడితే తొమ్మిదిమందికి మార్కులు పెరిగాయి.

మా ల్యాబులో స్టాటిస్టిక్స్ చూసే రెత్నో తలుపు మూసి మరీ తిట్టింది. వచ్చే నెల రిటైర్మెంట్ పెట్టుకుని నీ ఇంటికి నువ్వే నిప్పు పెట్టుకుంటావా ఎండాంగ్, నోరు మూసుకుని ఫోటో దిగి ఇంటికి పో తల్లీ అంది.

భయం వేసింది. అంతకన్నా ఆత్రం ఎక్కువైంది. ఆ చప్పుళ్లలో వీళ్లకు ఏం వినిపిస్తోంది?

ఏప్రిల్ 3

నా మూడు పేపర్లలో తప్పుందని జర్నల్‌కు రాసి పంపాను. క్లబ్బుకు: కోచ్‌ను ఉంచండి, కళ్లకు ఆపరేషన్ చేయించండి.

ఏప్రిల్ 20

నా సన్మానసభ వాయిదా వేశారట. కారణం ఎవరూ చెప్పలేదు.

జూన్ 14

ఆపరేషన్ల తర్వాత ఇవాళే మొదటి ఆట. గుమస్తా చేతిలో తర్ముజి గారు చిత్తుగా ఓడిపోయారు. అన్నీ కనిపిస్తుంటే వినడం మరిచిపోతున్నానమ్మా అన్నారు.

రేపు ఏడింటికి మా ఇంటికి రమ్మన్నాను, ఈసారి తెర ఆపేసి శబ్దం ఒక్కటే పెడతాను.