పండ్లు కొరికే గడియారం

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు పిరంబెట్టి కొన్న ఆటోమేటిక్ చేతి గడియారాన్ని అక్క నీ ఫోటో ముందర పెట్టి, పొద్దున దీపం ముట్టించంగనే చావి ఇస్తుంది. అది ఆగితే నువ్వు మల్ల పోయినట్టేనట. ఈ నడుమ చావి తిప్పితే గరగరమంటుంది. "లోపల బావ పండ్లు కొరుకుతుండు అక్కా" అన్న. గంటె ఇసిరింది.

ఇద్దరం తుకుం బస్తీల గడియారాల రిపేరు సేటు దగ్గరికి పోయినం. ఆయన మూత తీసి చూసిండు. "చక్రాలకు నూనె ఎండింది, కడిగి పెడత. ఇగ రోజూ చావి తిప్పకు తాయీ. ఇది చెయ్యి ఊగితే నడిచేది. ఫోటో చెయ్యి ఊపుతదా?" అన్నడు.

నేను చెయ్యి చాపిన. అక్క నాకియ్యలే, తనే పెట్టుకుంది. మోచేతి దాకా జారుతుంది. నన్ను తిట్టేటప్పుడు ఆ చెయ్యే ఊపుతుంది. అందుకే రోజూ ఏదో ఒక కొంటెపని జేసి తిట్లు తింటున్న, బావా.