సంవత్సరీకం అన్నం

నర్సమ్మా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకు పెట్టే అన్నం కట్టెల పొయ్యి మీదే వండమని కోడలికి నేనే చెప్పాను. గ్యాస్ మీద వండితే రుచి ఉండదన్నాను, నీతో అన్నట్టే. ఏనాడూ చుట్ట ముట్టని నీ ఊపిరితిత్తులు ఆ పొయ్యి పొగకే పాడయ్యాయని డాక్టరు చెప్పినా నాకు బుద్ధి రాలేదు.

వంటింట్లో పొగ కమ్ముకుంది. కోడలికి దగ్గు మొదలవగానే నేను అలవాటుగా లేచి వీధి అరుగు మీదికి వచ్చేశాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ నా వెనకే వచ్చింది.

"మావయ్యా, అత్తని సంపిన పొగతోనే అత్తకి అన్నం వండమంతన్నారేటి?"

నేనే వండుతానని లోపలికి వెళ్లాను. గ్యాస్ వెలిగించడం తెలియక, మళ్లీ కోడలినే పిలిచాను.