సొంత డబ్బు కట్టిన విద్యార్థిని

కడప

ఎర్రగుంట్లలోని ఈరక్కకు తమ్ముడు వీరభద్ర నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ అందరం క్షేమం, నా కాలేజీ తప్ప.

ఫోన్లో చెప్తే ఎవరైనా రికార్డు చేస్తారని భయపడి, నీ లారీ డ్రైవరు శాంతయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నా డిగ్రీ కాలేజీలో పిల్లలందరికీ ప్రభుత్వమే ఫీజు కడుతుందని నీకు తెలుసు. ఇప్పుడేమో కొత్త రూలు తెచ్చారు. కొంతమందైనా సొంత డబ్బు కట్టి చదివేవాళ్ళు ఉండాలట, లేకుంటే ప్రభుత్వ ఫీజు ఆపేస్తారట. జేబులోంచి డబ్బు తీసి ఎవరూ చేరని కాలేజీకి సర్కారు మాత్రం ఎందుకివ్వాలని వాళ్ళ వాదన. ఎంత అన్యాయమో చూడు!

మన బంధువుల పేర్లన్నీ రాశాక ఇంకొక్కటి తక్కువైంది. మీ ఇంటి నుంచి ఒక పేరు పంపి, ఫీజు కట్టు. తర్వాత గుట్టుగా తిరిగి ఇచ్చేస్తాను.

నీ తమ్ముడు,
వీరభద్ర

తా.క.: క్లాసులకు రానక్కర్లేదు. లెక్చరర్లే రారు.

* * *

ఎర్రగుంట్ల

చిరంజీవి వీరభద్రకు అక్క దీవెనలు.

ఫీజు కట్టేశాను. మా ఇంట్లో ఇంటర్ పాసై, జేబులో డబ్బున్న మనిషి ఒక్కరే, అది నేనే. మీ బావ పోయాక రెండు సిమెంటు లారీలు తిప్పి కొడుకును ఉద్యోగస్తుణ్ణి చేసి పై ఊరికి పంపాను. ఇప్పుడు నాకు తీరిక దొరికింది. అప్పట్లో నాయన "ఆడపిల్లకు డిగ్రీ యాల?" అని నన్ను ఆపేసి నిన్ను చేర్చాడు కదా. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. బీకాం కంప్యూటర్స్ తీసుకున్నాను. సోమవారం వస్తున్నాను.

మీ అక్క,
ఈరక్క

తా.క.: నేను చదవాలని ఇన్నేళ్ళకు నీకొక్కడికైనా అనిపించింది. ఉత్తరం చదివి ఏడ్చాను నాయనా.

* * *

కడప

అక్కకు నమస్కారాలు, నాకు తలనొప్పి.

పేరు పంపమంటే మనిషివే వచ్చేశావేంటి? మొదటిరోజే ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాణ్ణి లెక్చరరనుకుని లేచి దండం పెట్టావట. "ఏమప్పా, పాఠం చెప్పకుండా యాడికి పోతాండావు?" అని గేటు దాకా వెంటపడ్డావట. ఆ ఎలక్ట్రీషియన్ ఇక మన వీధికే రానంటున్నాడు.

నిన్ను చూసి మిగతా పిల్లలూ పాఠం కావాలంటున్నారు. రెండేళ్ళుగా నోరెత్తని పిల్లలు! సర్కారు ఫీజుతో చదివేవాళ్ళకు అడిగే హక్కెక్కడిది? పైసా కట్టారా? నీ ఫీజు రేపే పంపుతాను. దయచేసి ఇంట్లో ఉండు.

వీరభద్ర

తా.క.: కంప్యూటర్ ల్యాబు తాళంచెవి పోయింది. వెతకొద్దు.

* * *

ఎర్రగుంట్ల

వీరభద్రకు దీవెనలు, ఈసారి కొంచెం తగ్గించి.

తాళంచెవి వెతకలేదు. శాంతయ్యతో తాళం పగలగొట్టించాను. లోపల కంప్యూటర్లు లేవు, నీ ఫంక్షన్ హాలు అన్నం గుండిగలున్నాయి.

పాఠాలే లేవు కాబట్టి అన్ని ఏళ్ళవాళ్ళమూ ఒకే గదిలో కూర్చుంటాం. నా పక్కన సాజియా అని నందికొట్కూరు పిల్ల కూర్చుంటుంది. వాళ్ళమ్మ గుల్జార్ బీ మిషన్ కుట్టి ఇల్లు నడుపుతుంది. పిల్లది ఆఖరి ఏడాది. ఉద్యోగానికి పోతే కంప్యూటర్లో ఒక బిల్లు చేసి చూపమన్నారట. చేతకాక వెనక్కొచ్చింది. "కంప్యూటర్స్ అని సర్టిఫికెట్లో పడతాది గానీ నా చేతికి రాదక్కా" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

హక్కెక్కడిదంటావా? నా లారీలో పోసే డీజిల్ మీద పన్ను కడుతున్నాను. గుల్జార్ బీ కొనే దారపు ఉండ మీద ఆమే కడుతోంది. సర్కారు డబ్బంటే అదే. వాళ్ళూ కట్టినవాళ్ళే. నేను రాకుండా ఉండను, వాళ్ళను అడగొద్దనీ అనను.

ఈరక్క

తా.క.: ఫీజు తిరిగి పంపావంటే నీ గేటు ముందు లారీ అడ్డం పెట్టిస్తాను. సిమెంటు లోడుతో.

* * *

కడప

అక్కా, ఇది ఆజ్ఞ కాదు, బతిమాలడం.

శుక్రవారం తనిఖీ కమిటీ వస్తోంది. నెట్ సెంటర్ నుంచి కంప్యూటర్లు అద్దెకు తెప్పిస్తున్నాను. నాకు మంత్రాలయం మొక్కు ఉంది, మఠానికి వెళ్తున్నాను. నువ్వు లేచి "సొంత డబ్బు కట్టినాను, అంతా బాగుండాది" అని కూర్చో. ఇంకొక్క మాట జారితే అక్కాతమ్ముళ్ళ సంబంధం తెగినట్టే.

వీరభద్ర

తా.క.: మొక్కు నిజమే. కమిటీ వస్తోందని తెలిశాకే మొక్కుకున్నాను.

* * *

కడప, కాలేజీ నుంచే

మంత్రాలయంలో దాక్కున్న తమ్ముడికి అక్క రాయునది.

నువ్వు చెప్పినట్టే లేచి "సొంత డబ్బు కట్టినాను" అన్నాను. అంతా బాగుందనే మాట నోట్లోంచి రాలేదు. కమిటీలోని ఆఫీసరమ్మ నావైపే చూస్తోంది. అంతలో సాజియా లేచింది. "మేడమ్, నేను సర్కారు ఫీజుతో చదువుతాండా. ఒక్కటి అడగల్ల. ఈ కంప్యూటర్లు రేపు కూడా ఈడనే ఉంటాయా?"

ఆఫీసరమ్మ జవాబు వెతుక్కునేలోపే గుమ్మంలోంచి నెట్ సెంటర్ వాడు, "లేదు మేడమ్, సాయంత్రం ఎత్తుకపోవల్ల" అన్నాడు.

తర్వాత ఆమె కంప్యూటర్ లెక్చరర్ ఎవరని కాగితం తీసి చదివింది. లక్ష్మీదుర్గ, ఎమ్మెస్సీ కంప్యూటర్స్! నీ భార్య పేరే రాశావా తండ్రీ? కబురు పెడితే మరదలు వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. "నేను లెక్చరర్నా? ఎవురూ చెప్పల్యా నాకు!" అంది. కాగితంలో తన పేరు చదువుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని సుద్దముక్క తీసుకుంది.

వీరభద్రా, ఏం చెప్పిందిరా! పెళ్ళితో అటకెక్కిన ఎమ్మెస్సీ చదువంతా ఒక్కసారి బయటికొచ్చింది. గంటలో సాజియా బిల్లు చేసి చూపించింది. నేనూ చేశాను, కాస్త తప్పుగా.

కమిటీ ఆర్డరిది: సొంత కంప్యూటర్లు, మిగతా లెక్చరర్లు వచ్చేదాకా నీకు సర్కారు ఫీజు రాదు. పిల్లలు వేరే కాలేజీకి పోవచ్చన్నారు. ఒక్కరూ పోతామనలేదు. ఇక్కడే చదువుతాం, ఇక్కడే అడుగుతాం.

సంబంధం తెంచుకుంటే తెంచుకో. మూడేళ్ళదాకా నేను మాత్రం మొదటి బెంచీ వదలను.

ఈరక్క,
బీకాం మొదటి సంవత్సరం

తా.క.: లక్ష్మీదుర్గ మేడమ్ సోమవారం నుంచి రోజూ క్లాసు తీసుకుంటారు. ఇంట్లో వంట ఇక నీదేనట. మఠం వంటవాళ్ళ దగ్గర రెండు రోజులుండి సాంబారు నేర్చుకుని రమ్మన్నారు.