కొత్త గదిలో మొదటి గడ్డం

అక్కకు,

అందరం క్షేమం, బెంగ పెట్టుకోకు. సర్కారు భూమని మన వీధంతా పడగొట్టేశారు. ఊరి చివర నాలుగో అంతస్తులో గది ఇచ్చారు గానీ, నా సెలూనుకు చోటు చూపలేదు. కత్తెర అటకెక్కించి కాపలా పనిలో చేరదామనుకున్నాను.

నిన్న మన వీధి లెక్కల మాస్టారు రెండు బస్సులు మారి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "ముప్పై ఏళ్లుగా నీకప్పగించిన గడ్డంరా, ఇప్పుడు ఇంకొకడి చేతిలో పెట్టమంటావా?" అన్నారు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి గీశాను. "మన వీధి ఎటుందిరా?" అని అడిగితే చూపించాను. ఏమీ కనిపించకపోయినా ఇద్దరం చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాం. ఇక కాపలా పనికి వెళ్లను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న సానరాయి ఎవరి చేతైనా పంపు. పిల్లలకు ఆశీస్సులు. వీలు చూసుకుని నువ్వూ రా, మన చుట్టాలెవరూ ఇంకా ఈ గడప తొక్కలేదు.

నీ తమ్ముడు