లోపలి గడియ

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
19 నవంబరు 2024

పూజ్యులైన బంగారమ్మ పెద్దమ్మకి,

త్రివేణి నమస్కరించి రాస్తున్నది. ఇచ్ఛాపురంలో మీరంతా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ చెల్లెలు రత్నం పిన్నికి పక్షవాతం వచ్చిందని మా ఎదురుగది అసిరయ్య బాబాయి ఫోనులో చెప్పాడట. ఎలా జరిగిందో నేను చెప్పాలి. ఫోనులో నా వల్ల కాలేదు.

మా పాత లైను మీరు చూశారు. ఆరు గదులకీ తలుపుల్లేవు, కర్టెన్లే. ఒకరి దగ్గు ఆరిళ్లకీ వినిపించేది. యజమాని పడగొట్టి మళ్ళీ కట్టిస్తానన్నప్పుడు, సివిల్ డిప్లొమా చదివానని ప్లాను నన్నే గీయమన్నారు. ఎవరికేం కావాలో గదిగదికీ వెళ్ళి అడిగాను. అందరూ కుళాయి, వంటగట్టు అన్నారు. రోజంతా క్యాంటీన్‌లో జనం మధ్య నిలబడే పిన్ని మాత్రం, "నాకు తలుపు కావాలమ్మా. లోపల గెడ ఉండాల. సీర మార్సుకోడానికి కూడా లైటు ఆర్పాల్సొత్తంది" అంది.

మధ్యలో అందరికీ కలిపి వరండా, వంటగట్టు పెట్టాను. చుట్టూ గట్టి తలుపులతో గదులు. తలుపు వేసి ఉంటే ఎవరూ తట్టకూడదన్న నియమమూ నాదే. "మన తలుపులు మనం కొట్టుకోడానికి పర్మిషనేటమ్మా" అని అసిరయ్య బాబాయి నవ్వాడు. పిన్ని మాత్రం మొదటిరోజు గడియ వేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. వచ్చాక, "ఇన్నాళ్లకి కడుపునిండా ఏడిసినాను. ఎవులూ సూడనేదు" అంది, తేలికపడ్డ మొహంతో.

మొన్న ఆదివారం భోజనమయ్యాక పిన్ని తలుపు వేసుకుంది. సెలవు కదా, నిద్రపోతోందనుకున్నారు. రాత్రి వంటవేళకీ రాకపోతే బాబాయి తలుపు విరగ్గొట్టాడు. గోడవారగా నేలమీద పడి ఉంది. కాస్త ముందు తెచ్చి ఉంటే మాటైనా దక్కేదేమో అన్నాడు డాక్టరు.

ఇప్పుడు లైనులో గడియలన్నీ పీకించేద్దామంటున్నారు. సరే అనలేను, వద్దనలేను. ఆసుపత్రిలో నర్సు బట్టలు మారుస్తుంటే పిన్ని ఎడమచేత్తో దుప్పటి పైకి లాక్కుంటుంది. మంచాల మధ్య అడ్డుతెర అయినా లేదు. నేను అటు తిరిగి నిలబడతాను. అంతకన్నా ఏం చెయ్యగలనో తెలియడం లేదు.

వీలైనంత త్వరగా రండి.

మీ
త్రివేణి

తా.క. ఆదివారం నేను సాక్చి బజారుకి వెళ్ళానని అందరికీ చెప్పాను. వెళ్ళలేదు. పక్కగదిలోనే ఉన్నాను. మూడు గంటలప్పుడు గోడమీద మెల్లగా కొట్టిన చప్పుడు వినిపించింది. కాసేపాగి మళ్ళీ. లేచి పిన్ని తలుపు దాకా వెళ్ళాను పెద్దమ్మా. తట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. వేసి ఉన్న తలుపు కదా అని వెనక్కి వచ్చేశాను.